కార్యాలయములో వినబడిన ఒక స్త్రీ గొంతు విషయమై

మొలకలకుప్పం,
తేది: 18-11-2024.

డివిజనల్ రెవెన్యూ అధికారి గారి సముఖమునకు, మొలకలకుప్పం కాపురస్తుడు, మాల్యాద్రి కుమారుడు మధుబాబు (26 సం.) రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: జప్తు చేసిన గ్రామఫోను సామానులోని ఒక ప్లేటును మండల కార్యాలయంలో వేసి చూసినప్పుడు అందులో వినబడిన మాటలేమిటో, విన్నవారి చేత చెప్పించవలెనని కోరుట గురించి.

సూచిక: (1) నా అర్జీ, ది. 12-08-2024. (2) జప్తు పంచనామా, ది. 27-08-2024. (3) సమాచార హక్కు చట్టం కింద వచ్చిన జవాబు, ది. 08-11-2024.

నేను అర్జీలు రాయడం పుస్తకాలు చూసి నేర్చుకున్నవాడిని. నెల్లూరు బస్టాండు దగ్గర పది రూపాయలకు అమ్మే పౌరహక్కుల చిన్న పుస్తకాలు నా దగ్గర ఇరవై దాకా ఉన్నవి. ఇటువంటి అర్జీకి వాటిలో నమూనా లేదు. కాబట్టి తప్పులుంటే మన్నించవలెను. కోపం కనబడితే మన్నించనక్కరలేదు.

1. మా కుప్పం మత్స్యకారుడు మునెయ్య (68 సం.) నాకు వరసకు మామ. పులికాటులో రొయ్యల వల వేసి బతికినవాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనకొక పని ఉన్నది. ఊరు దాన్ని పిచ్చి అంటుంది, నేను సేకరణ అంటాను. పాత గ్రామఫోనులకు తగిలించే సామాను, అంటే ప్లేటు మీద సూదిని పట్టుకుని పాట పలికించే అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బాలు, వంపు చేతులు, ఇత్తడి గొట్టాలు, మద్రాసు పాత సామాను అంగళ్ళ నుండి చిట్టమూరు పాత ఇనుము కొట్టు దాకా తిరిగి ఏరి తెచ్చుకున్నాడు. వాటితో పాటు కాగితాలు: సూదుల పొట్లాల మీది బొమ్మలు, ప్లేట్ల అట్టకవర్లు, ఏనాటివో అంగడి రసీదులు, ఏ పరికరం ఎట్లా వాడవలెనో చెప్పే కరపత్రాలు. ఇంగ్లీషు కరపత్రాలు నేను చదివి అర్థం చెప్పేవాడిని. నేనూ కరపత్రాల మనిషినే గనుక మా ఇద్దరికీ కుదిరింది.

2. ఆ సామానులో ఒక అరుదైన తగిలింపు ఉన్నది. మాట వినిపించేది కాదు, మాట పట్టుకునేది. గ్రామఫోనుకు తగిలించి గొట్టంలో మాట్లాడితే, మెత్తటి అల్యూమినియం ప్లేటు మీద మాట గీతలుగా పడుతుంది. మామ దానికి పెట్టిన పేరు మాటలవల. దానితో వచ్చిన ఖాళీ ప్లేట్లు మూడే. రెండు ఆయన దగ్గి, తుమ్మి పాడుచేసినాడు. మూడోది ఆయన భార్య నాగులమ్మ అత్త తీసుకున్నది. ఒక వానాకాలం నాడు మామను ఇంట్లోనుంచి వెళ్ళగొట్టి, తలుపు వేసుకుని, మూడు నిమిషాలు ఆ గొట్టంలో ఏదో మాట్లాడి, ప్లేటును కవరులో పెట్టి ఆయన చేతికిచ్చింది. "నేను పోయినాక ఇను. ఇప్పుడిన్నావో, వారం దినాలు పులుసు పెట్టను" అని చెప్పింది. ఆయన వినలేదు. పులుసుకు భయపడి కాదు, ఆమె చెప్పినందుకు.

అత్త 2018లో జ్వరంతో పోయింది. అప్పుడూ ఆయన వినలేకపోయినాడు. కారణం కరపత్రంలో ఉన్నది, చదివి చెప్పింది నేనే. అటువంటి ప్లేటును ఇనుప సూదితో వేస్తే ఒక్కసారికే మాటంతా చెక్కుకుపోతుంది. ముల్లు పెట్టి పలికించే తేలికపాటి డబ్బా కావలెను. ఆ డబ్బా కోసం మామ ఐదేళ్ళు వెతికినాడు. ఈ సంవత్సరం మార్చిలో మద్రాసులో దొరికింది. దానికి సరిపోయే తుమ్మముల్లును ఆయనే కోసి, ఎండబెట్టి, నూరి పెట్టుకున్నాడు. మా జాబితాలో ఆ డబ్బా నెం. 17. అత్త తద్దినం నాడు కుప్పమంతా కూర్చుని విందామని అనుకున్నాము.

3. ఇక్కడ నా తప్పు మొదలగుచున్నది. సదరు కార్యక్రమాన్ని బడి వరండాలో ప్రదర్శనగా జరపవలెనని, దానికి అనుమతి తీసుకోవలెనని పట్టుబట్టింది నేను.

"మన పెండ్లాం గొంతు మనం ఇనేదానికి పర్మిషనేందిరా?" అన్నాడు మామ.

"పౌరుడు చట్టప్రకారం నడవాల మామా" అన్నాను.

ఆ గుండ్రటి డబ్బాలకు కరపత్రాల్లో ఉన్న పేరు సౌండు బాక్సు. నేను అర్జీలో అదే రాసినాను: సౌండు బాక్సులు 41, హారన్లు 6, ప్లేట్లు 212. వినాయక చవితి ఊరేగింపుల్లో సౌండు బాక్సులు పెట్టరాదని ఆ వారమే ఉత్తర్వు వచ్చి ఉన్నది. 27వ తేదీన కార్యాలయం నుండి సీనియర్ అసిస్టెంటు వెంకయ్య గారు, ఇద్దరు కానిస్టేబుళ్ళు లారీ తీసుకుని దిగినారు.

"ఏమయ్యా, నలభై ఒక్క సౌండు బాక్సులు ఈ రేకుల ఇంట్లో యాడ దాచినావు?"

మామ చెక్కపెట్టె తెరిచి ఒక డబ్బా తీసి అరచేతిలో పెట్టి చూపినాడు. "ఇయ్యే సార్."

"తమాషాగా ఉండాదా? ఇదేంది, వక్కల డబ్బీనా?"

"సౌండు బాక్సే సార్. మావోడు ఉన్న పేరే రాసినాడు."

వెంకయ్య గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చినారు. "ఆఫీసులో నలభై ఒకటని ఎక్కిపోయిండాది పెద్దాయనా. ఇప్పుడు నేను ఒట్టి చేతులతో పోతే, లంచం తిని వదిలేసినానంటారు. లెక్కకైనా తీసకపోవాల."

ఆయన మంచిగానే మాట్లాడినారు. ఆ సమయంలో నేను నోరు మూసుకుని ఉండవలసినది. రాజ్యాంగం గురించి పావుగంట ఉపన్యసించినాను. దాంతో పెట్టెలో డబ్బాలే కాక గ్రామఫోను, ప్లేట్లు, కాగితాలు సమస్తం లారీ ఎక్కినవి.

4. పంచనామా నియమం ప్రకారం లోహం వేరు, కాగితం వేరు చేసినారు. ప్లేట్లన్నీ కవర్లలోనుంచి లాగి ఒకచోట పేర్చినారు. కవర్లు, రసీదులు, కరపత్రాలు కలిపి "చిత్తు కాగితములు, గోనె ఒకటి" అని రాసినారు. అత్త ప్లేటు కవరు మీద మామ ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నాడు: ఇనుప సూది పెట్టరాదు. ఆ కవరు కూడా గోనెలోకి పోయింది. గోనె తర్వాత చిత్తు కింద పోయిందని తెలిసింది. ప్లేట్లు భోజనం ప్లేట్లనుకుని తుపాను షెల్టరు వంటసామానులో కలిపి, అన్నం పెట్టుటకు పనికిరావని మళ్ళీ వెనక్కి పంపినారు. నవ్వు వస్తే నవ్వండి. మేము నవ్వినాము కూడా, సామాను తిరిగి వచ్చేదాకా.

5. (ఈ అంశమును నేనే కొట్టివేసినాను. శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మా ఇళ్ళ రేకులు గడగడలాడతాయని, ఆ శబ్దానికి మేము చప్పట్లు కొడతామని, మూడంగుళాల డబ్బా చేసే శబ్దమే శాంతిభద్రతలకు అడ్డమైనదా అని రెండు పేజీలు రాసినాను. అందులో కోపం తప్ప కోరిక లేదు.)

6. అక్టోబరు 9న సామాను తిరిగి ఇచ్చినారు. లెక్క సరిపోయింది. సంతకం పెట్టినాము. మామ అత్త ప్లేటును ఎండలోకి తెచ్చి చూసినాడు. గీతలున్న చోటంతా తెల్లగా గీరుకుపోయి ఉన్నది. అయినా నెం. 17కి ముల్లు పెట్టి, కీ ఇచ్చి, చెవి ఆనించి కూర్చున్నాడు. చాటలో బియ్యం చెరిగినట్టు ఒకటే చప్పుడు. మూడు నిమిషాలు కదలకుండా విన్నాడు.

ఇక్కడ ఒక సంగతి మనవి చేసుకోవలెను. ఆయనకు ఎడమ చెవి పోయి ఏడాదైనది. కుడి చెవి కూడా ఎక్కువ కాలం ఉండదని నెల్లూరు డాక్టరు చెప్పినాడు. అందుకని ప్లేటు ఆగినాక నా వైపు తిరిగి అడిగినాడు:

"పోయింది ప్లేటా, నా చెవా? నీకేమన్నా ఇనబడిందా అబ్బయా?"

బయటికి వచ్చి సమాచార హక్కు దరఖాస్తు రాసినాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

7. జవాబులోని వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాయుచున్నాను: "సదరు సౌండు బాక్సులు శబ్దము చేయునా లేదా అని నిర్ధారించు నిమిత్తము, ప్లేట్లలో కొత్తదిగా కనిపించిన ఒకదానిని ఇనుప సూదితో వేసి పరీక్షించడమైనది. సిబ్బంది నలుగురు హాజరు. ఒక స్త్రీ గొంతు సుమారు మూడు నిమిషములు స్పష్టముగా వినబడినది. మాటలు పరీక్షకు అనవసరమైనందున నమోదు చేయబడలేదు."

అయ్యా, స్పష్టముగా అని రాసినారు. ఆ మాట చదివినప్పటి నుండి నాకు అన్నం సయించడం లేదు.

8. నేను ఒక అబద్ధం కూడా ఆడినాను. అర్జీదారు నిజాయితీగా ఉండవలెను గనుక దాన్నీ నమోదు చేయుచున్నాను. మొన్న మామ దగ్గరికి పోయి, ఆఫీసులో విన్న మనిషి ఒకాయన చెప్పినాడన్నాను. "మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి, వేళకు భోజనం చేయండి అనిందంట మామా" అన్నాను.

మామ వల అల్లే కండె పక్కన పెట్టినాడు. "మీరు అనిందా?"

"అనిందంట."

"నాగులమ్మా? నన్నా? 'ఒరే ముసలోడా' తప్ప ఇంకో పిలుపు యాడుంది దాని నోట్లో! పెండ్లినాడు గూడా దానికి నేను ముసలోణ్ణే." కాసేపు నవ్వినాడు. తర్వాత నవ్వలేదు. "నువ్వు చెప్పేది గవర్నమెంటు నాగులమ్మరా అబ్బయా. మా నాగులమ్మ గాదు."

కాబట్టి ఇది కల్పించి చెప్పగలిగిన సంగతి కాదని తేలినది.

9. పైన విన్నవించిన కారణాల చేత నేను కోరేది:

ఆనాడు ఆ గదిలో ఉన్న నలుగురిలో ఏ ఒక్కరైనా మా కుప్పం వచ్చి, విన్నమాట మామ కుడి చెవిలో చెప్పవలెను. అంతా గుర్తు లేకపోతే గుర్తున్నంత. తిట్లుంటే తిట్లతో సహా. దయచేసి మీరు అని దిద్దవద్దు.

మొదట రాసిన ప్రతిలో ఆ నలుగురినీ సస్పెండు చేయవలెనని కోరినాను. ఇప్పుడు ఎవరి మీదా ఏ చర్యా కోరడం లేదు. ఇది నా మంచితనం కాదు. చర్య అంటే వాళ్ళు ఏమీ వినలేదని రాసి ఇస్తారు. ఈ లోకంలో ఆమె చివరి మాట విన్నవాళ్ళు ఆ నలుగురే. వాళ్ళను భయపెట్టే ధైర్యం నాకు లేదు.

వచ్చేవారికి ఆటో మేమే పంపుతాము. పులుసు అన్నం పెడతాము.

ఈ మనవి తమరు చిత్తగించవలెను, చిత్తగించి ఆ గదిలోని వారిని ఒక్క మాట అడగవలెను.

తమ విధేయుడు
(ఈ మాట ఎక్కడా రాయనని ఒకప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. ఈ అర్జీలో రాయుచున్నాను.)
మా. మధుబాబు

తా.క.: కవరు అంటించబోతుండగా మామ వచ్చి, ఏం రాసినావో చదవమన్నాడు. కుడి చెవి దగ్గర గట్టిగా చదివినాను. విని, "మూడు నెలలు కావస్తాండాది. రోజుకెంతమంది గొంతులింటారో వాళ్ళు, మాటలేం గుర్తుంటాయిలే పాపం" అన్నాడు. మళ్ళీ తనే, "ఒకటి మాత్రం అడుగు. అది నవ్వాపుకుంటా మాట్లాడితే ముక్కులో చిన్నగా గుర్రుమంటాది. అది ఇనబడిందా అని. అట్టయితే తిట్టినా తమాషాకి తిట్టినట్టు" అన్నాడు.

సార్, జవాబు కార్డు ఒకటి ఇందులో పెట్టినాను. మా అడ్రసు రాసే ఉన్నది. వెనక రెండు గడులు గీసినాను. ఒకదాని పక్కన 'నవ్వింది', ఇంకొకదాని పక్కన 'నవ్వలేదు'. ఎవరూ రాలేకపోతే ఒకదాంట్లో టిక్కు పెట్టించి పోస్టులో వేయించండి. నిజంగా విన్నవాళ్ళ చేతే పెట్టించండి సార్. ఆయనకు ఇంకా వినబడుతుండగానే చదివి వినిపిస్తాను.