బోర్డు లేని గది

ఏవండీ,

పెద్దక్కకి జ్వరం తగ్గలేదట, మామిడికుదురు వెళ్తున్నాను. రేపటికి గానీ రాలేను. చేపల పులుసు పొయ్యి పక్కన ఉంది. అన్నం మీరే వండుకోండి.

తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగు ఈ సాయంత్రం ఆరింటికి, అమలాపురంలో. ఎర్ర వంతెన దగ్గర దిగి, మెడికల్ షాపు పక్కనున్న మెట్లెక్కండి. బోర్డు ఉండదు. మొన్న నేను వెతుక్కుంటూ వెళ్లి, ముందు పొరపాటున కింద గదిలో ఇన్సూరెన్సు ఏజెంట్ల మధ్య కూర్చుని టీ కూడా తాగేను.

పోయిన వారం మీరు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ మళ్లీ మంచమెక్కేరు. ఈసారి అలా చెయ్యకండి.

పైన వాళ్లు నన్నూ కూర్చోమన్నారు. తాగిన మైకంలో ఉన్న తనని బస్సులోంచి దించేసిన సంగతి ఒకాయన కండక్టరు గొంతు పెట్టి చెబితే అందరూ నవ్వేరు. నాకు ఏడుపొచ్చింది. పెళ్లయిన కొత్తలో మీరూ బస్సు కబుర్లు అలాగే చెప్పేవారు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

ప్రసన్న

పరువు పోతుందని బెంగపడకండి. అక్కడ పేరు తప్ప ఏ ఊరు, ఎవరి తాలూకా అని అడగరు. ఒకవేళ అడిగితే, నా తాలూకా అని చెప్పండి.