ఎర్ర తలగుడ్డ

ఫ్లారెన్స్ స్టేషను,
1955 సెప్టెంబరు 9

నా ప్రాణమైన కంచెత్తక్కకి,

నీ చెల్లెలు ఫ్లారెన్సులో కూర్చుని ఈ ఉత్తరం రాస్తోంది. నమ్మకం కుదరకపోతే కవరు మీద తపాలా ముద్ర చూడు. మా ఆయన దొనాతో టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని మీద కాగితం పరిచి రాస్తున్నాను కాబట్టి అక్షరాలు గెంతుతున్నాయి. లోపల నేనూ గెంతుతూనే ఉన్నాను.

మొన్న బండి ఎక్కగానే నాకు కిటికీ పక్క చోటు దొరికింది. నాలుగేళ్ళుగా రైలు గేటు దగ్గర కాపలా నిలబడి బండి కిటికీలను చూసినదాన్ని. కిటికీలోంచి బయటికి చూడడం నాకు ఇదే మొదలు. కాసేపటికి మన గేటే వచ్చింది. నా బదులు పెట్టిన ముసలి మింకూచ్చో చుట్టిన జెండా పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల మా ఇల్లు, నా కోళ్ళు, గోడకి ఆరేసిన మిరపకాయల దండలు. అన్నీ రెప్పపాటులో వెళ్ళిపోయాయి. నేను రోజుకి పద్నాలుగు సార్లు నిలబడేది ఈ రెప్పపాటు కోసమేనా అనిపించి నవ్వొచ్చింది.

అక్కడితో అయిందా. తర్వాత ఏ గేటు వచ్చినా నాకు తెలియకుండానే లేచి నిటారుగా నిలబడిపోతున్నాను. కుడిచెయ్యి జెండా పట్టుకున్నట్టే బిగుసుకుంటోంది. నేపుల్స్ దాటేలోపల ముప్ఫై సార్లయినా లేచి ఉంటాను. ఎదురుగా కూర్చున్న లావుపాటి ఆవిడ జాలిపడి, "ఒంట్లో బాగాలేదా తల్లీ? కూర్చుంటావు, లేస్తావు" అంది.

"బాగానే ఉందండీ. మా ఆవిడ డ్యూటీలో ఉంది" అన్నాడు నీ మరిది.

పెట్టెలో అందరూ ఒకటే నవ్వు. నేను తలగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాను. అదే, పెళ్ళికి నువ్విచ్చిన ఎర్రది. తర్వాత ఆవిడ తన కోడిగుడ్డట్టు రొట్టెలో సగం నాకు పెట్టింది, నేను మన జున్ను కోసి ఇచ్చాను. రోములో దిగేసరికి మేం చుట్టాలమైపోయాం.

రోములో పెద్ద గుడి ముందు నిలబడి పైకి చూసీ చూసీ మెడ పట్టేసింది. ఇక్కడ ఫ్లారెన్సులో సంత మండపం దగ్గర కంచు పంది ఒకటుంది. దాని ముట్టె నిమిరితే మళ్ళీ ఈ ఊరు వస్తామట. అందరూ నిమిరి నిమిరి ముట్టె ఒక్కటే బంగారంలా మెరుస్తోంది. నేనూ నిమిరాను. ఒకసారి నా కోసం, ఒకసారి నీ కోసం. అమ్మ కోసం ఇంకోసారి నిమరబోతే వెనకాల వరసలో వాళ్ళు గొణిగారు.

అక్కా, ఇక్కడినుంచి అమ్మకి పైకి చదవకు. ఇది నీ ఒక్కదానికే.

మా రోడ్డు మీద వంతెన కడుతున్నారు. క్రిస్మసుకి గేటు తీసేస్తారు, ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. దొనాతో తనని టురిన్ నగరంలోని రైళ్ళ యార్డుకి మార్చమని తనే దరఖాస్తు పెట్టుకున్నాడు. నన్ను అడగలేదు. అది వచ్చింది కూడా. ఆరంతస్తుల మేడలో నాలుగో అంతస్తు, ఒకే మెట్లదారిలో నలభై కుటుంబాలు. కొట్లో ఇద్దరు మనుషులుంటే ఉప్పు అడగడానికి నోరు రాని దాన్ని నేను, నీకు తెలుసు కదా. గేటు దగ్గరైతే మనుషులు కిటికీల్లో వస్తారు, ఒక చూపు చూసి వెళ్ళిపోతారు. నాకు ఆ మాత్రం మనుషులు చాలు. అతనికి నగరం కావాలి కాబోలు, వెళ్ళనీ. నేను మాత్రం అమ్మ దగ్గరికి వచ్చేస్తాను. ఇంకా అతనితో అనలేదు. ఏడాదికోసారి వచ్చే ఉచిత రైలు పాసు, ఇద్దరం కలిసి చేసే మొదటి ప్రయాణం. దీన్ని పాడు చేయడానికి మనసొప్పలేదు. తిరుగు బండిలో చెప్తాను.

బండి వేళయింది. నా కోళ్ళను ఒకసారి చూసి రా.

నీ ముద్దుల
వితా


వెనిస్,
సెప్టెంబరు 11

కంచెత్తక్కా, నా బంగారూ,

ఈ ఊళ్ళో గేటు పెట్టడానికి రోడ్డే లేదు. నీళ్ళు, నీళ్ళు, వాటి మధ్య ఇళ్ళు. రొట్టెలు పడవలో వస్తాయి, బొగ్గు పడవలో వస్తుంది, మా కళ్ళముందే ఒక పెళ్ళికూతురు పడవ దిగింది. బెంచీల మీద నిద్రపోయి, స్టేషను కుళాయి దగ్గర ముఖం కడుక్కుని బయటికి వస్తే మెట్ల కిందే నీళ్ళు తళతళలాడుతున్నాయి. నేను అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. దొనాతో కంగారుపడి ఏమైందన్నాడు. ఏమీ కాలేదు, చూస్తున్నానన్నాను.

నీ మరిది సంగతి విను. పట్టాల వెంట రోజుకి పన్నెండు కిలోమీటర్లు నడిచే మనిషి ఇక్కడ నాలుగడుగుల్లో దారి తప్పాడు. పట్టాలకి ఒకటే దారి కదా పాపం. ఏ సందులోకి వెళ్ళినా చివర కాలవే. మూడుసార్లు ఒకే పిల్లి కనబడింది. అడగవయ్యా అంటే అడగడు. రైల్వే మనిషి దారి అడిగితే పరువు పోతుందట. పడవ ఎక్కితే కడుపులో తిప్పుతోందని కళ్ళు మూసుకున్నాడు. ఇక చేసేది లేక, కిటికీలో బట్టలు ఆరేస్తున్న ఒకావిడని నేనే అడిగాను. నిజం అక్కా. నోరు తెరిచి, తల ఎత్తి, "అమ్మా, స్టేషనుకి ఎటు?" అన్నాను. ఆవిడ వాళ్ళ యాసలో గడగడా ఏదో చెప్పింది. నాకు సగమే అర్థమైంది కానీ ఆ సగంతోనే స్టేషను చేరుకున్నాం.

దారిలో దొనాతో నా చేతిసంచీ తీసుకుని, "నువ్వు అడగ్గలవని నాకు తెలియదు" అన్నాడు. నాకూ తెలియదన్నాను. తర్వాత దారంతా నన్నే చూస్తూ నడిచాడు. టురిన్‌లో నేనిక బతకగలనని లెక్కవేసుకుంటున్నాడేమో అనిపించి, పొంగిన సంతోషం కాస్త చల్లబడింది. కానీ ఎంతసేపూ చల్లగా ఉండనివ్వదు ఈ ఊరు. ఒక మలుపు తిరిగితే చాలు, మళ్ళీ పొంగుతుంది.

రేపు జెనోవా, ఆపైన సరిహద్దు దాటి నీస్. సముద్రం చూడబోతున్నాను. ఇక్కడ చూసింది సముద్రం కాదట, దాని పెరడట.

నీ వితా


సాంత ఎలేరియా,
సెప్టెంబరు 15

అక్కా, నా తల్లీ,

నేను రైలు ఆపేశాను.

మొదటినుంచీ చెప్తాను. జెనోవా నుంచి నీస్ దాకా బండి కొండల్లోంచే వెళ్తుంది. సొరంగం, చీకటి, చప్పున ఒక ముక్క సముద్రం, మళ్ళీ చీకటి. ఎవరో నీలం గుడ్డ చూపించి దాచేస్తున్నట్టు ఉంటుంది. నీస్‌లో ఇసక లేదు, గులకరాళ్ళే. పెద్దింటి ఆడవాళ్ళు వాటి మీద ఎండలో పడుకుని ఉన్నారు, ఎవరూ ఎవరినీ చూడడం లేదు. ఒక నల్లటి గులకరాయి నీ కోసం జేబులో వేసుకున్నాను. తిరిగి వస్తుంటే బండి మారడానికి ఈ చిన్న స్టేషనులో దిగాం. రెండు సొరంగాల మధ్య గుప్పెడంత చోటు. పట్టాల కిందే రేవు. దొనాతో రొట్టె కొనడానికి పైనే ఉండిపోయాడు. నేను మేజోళ్ళు విప్పి నీళ్ళలోకి దిగాను.

అక్కా, సముద్రం కాళ్ళని పట్టుకుని లాగుతుంది, తెలుసా? చంటిపిల్ల లంగా పట్టుకుని మారాం చేసినట్టు. మోకాళ్ళ దాకా వెళ్ళాను. దొనాతో చూడాలి, ఇప్పుడే చూడాలి అనిపించింది. కేకేస్తే అలల చప్పుడులో వినబడదు. తలగుడ్డ విప్పి చెయ్యి పైకెత్తి ఊపాను, ఊపుతూనే ఉన్నాను.

ఎర్రది. గేటు మనిషిని అయ్యుండి.

సొరంగంలోంచి వచ్చిన గూడ్సు బండి కీచుమని రేవంతా అదిరేలా ఆగింది. ఇంజను డ్రైవరు తల బయటపెట్టి, "ఎవరమ్మా ఎర్రగుడ్డ ఊపింది? సముద్రానికి గేటు వేస్తున్నావా?" అని అరిచాడు. రేవులో ఇంకా చాలామంది ఉన్నారు, దాక్కోవచ్చు. నేను తడిసిన లంగాతో పైకి వెళ్ళి, "నేనేనండీ" అన్నాను. భయంలోనూ కళ్ళు అలవాటుగా బండి తోకకే వెళ్ళాయి. "చివరి పెట్టె దీపం ఉందండీ, పెట్టెలేవీ ఊడిపోలేదు. ఇరుసులేవీ వేడెక్కి కాలడం లేదు. మీరు వెళ్ళవచ్చు" అన్నాను. డ్రైవరు తిట్టబోయిన తిట్టు మింగి బండి కదిలించాడు.

స్టేషను మాస్టరు నన్ను గదిలోకి పిలిచి రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. పేరు, ఊరు, భర్త పేరు. వృత్తి అనగానే తడిసిన లంగా పిండుకుంటూ, గేటు కాపలా అన్నాను. ఆయన కలం పక్కన పెట్టేశాడు. గేటు కాపలా మనిషివై ఎర్రగుడ్డ ఊపావా అని అడిగితే, సముద్రం చూశానండీ అన్నాను. ఇంకేం చెప్పను? ఉన్నది అదే.

గుమ్మంలో ఎవరో పగలబడి నవ్వారు. కతరీనా అని ఇక్కడి గేటు అవ్వ. డెబ్బైకి దగ్గర పడింది, చేతిలో మనలాంటి జెండాయే. మేం ఎక్కాల్సిన బండికి ఇంకా రెండు గంటలుందని నన్నూ, రొట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చిన దొనాతోని తన ఇంటికి లాక్కెళ్ళి శనగపిండి రొట్టె పెట్టింది. ఇల్లు సొరంగం నోటి దగ్గర, గోడకి ఇటు పట్టాలు, అటు సముద్రం. ఈ చలికాలం కూతురి దగ్గరికి వెళ్ళిపోతుందట. రెండేళ్ళుగా ఈ గేటుకి ఎవరూ దొరకడం లేదట. "పెనిమిటి పట్టాల పనికి పోతే పొద్దుగూకేదాకా పలకరించే నాథుడుండడు. ఉప్పుగాలికి గేటు చక్రం తుప్పు పట్టినట్టే మనిషీ పడుతుంది. వస్తారు, చూస్తారు, పారిపోతారు" అంది.

అక్కా, వాళ్ళు పారిపోయిన ఆ చోటే నాకు కావాలనిపించింది. ఆ గేటు నాకిమ్మని అడగాలని నోరు తెరవబోయాను. ఈలోగా దొనాతో అన్నాడు, "మా వితాకి ఇలాంటి చోట్లు పడవు అవ్వా. ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటుంది? బండి పోతుంటే చివరిదాకా ఎంత ఆశగా చూస్తుందో. రోజూ చూస్తున్నాను కదా. అందుకే టురిన్ అడిగాను."

"ఆశతో కాదు," అన్నాను. "ఇరుసు కాలుతోందేమోనని చూస్తాను. చివర దీపం ఉందా అని చూస్తాను."

అతను చేతిలో రొట్టె కంచంలో పెట్టేశాడు. నాలుగేళ్ళుగా పొలాల అవతలినుంచి నన్ను చూసి, పాపం నగరాల మీద మనసు పడిందనుకుంటున్నాడు అక్కా. నేనేమో అతనికే నగరం కావాలనుకున్నాను. అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామనుకున్న సంగతి అప్పుడే చెప్పేశాను, అవ్వ ముందే. అతని ముఖం తెల్లబోయింది. తన రొట్టె ముక్క నా కంచంలోకి జరిపి, "నాలుగో అంతస్తంటే నాకూ కళ్ళు తిరుగుతాయి" అన్నాడు.

కతరీనా అవ్వ బల్ల పట్టుకుని నవ్వింది. "నాలుగేళ్ళు ఒక మంచం మీద పడుకున్నారు, ఈ మాట ఒకరినొకరు అడగడానికి రైలు ఆపాల్సి వచ్చిందా మీకు?"

టురిన్‌కి వస్తానని దొనాతో సంతకం చేసిన కాగితం అతని జేబులోనే ఉంది, వెళ్ళగానే ఇవ్వాలి. నేను వెళ్ళి ఈ గేటు గురించి మాస్టరుతో మాట్లాడతానని లేచాడు. నువ్వు కూర్చో అన్నాను. ఒక్కదాన్నే వెళ్ళాను. నూట నలభై అడుగులు, లెక్కపెట్టాను. తలుపు కొట్టాను.

"అయ్యా, కతరీనా అవ్వ గేటు నాకు ఇప్పించండి. నాలుగేళ్ళలో ఏ బండికీ గేటు ఆలస్యంగా వేయలేదు."

"ఇప్పుడే కదమ్మా నీ మీద రిపోర్టు రాశాను" అన్నాడాయన.

"దాని వెనకే రాయండి. నా పేరూ ఊరూ అన్నీ అందులో ఉన్నాయిగా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కాగితం తిరగేశాడు, కలం సిరాలో ముంచాడు. ఏం రాశాడో నాకు కనబడలేదు. పైవాళ్ళు ఏమంటారో తెలియదు, ముందు వైపు చదివి కోప్పడతారో, వెనక వైపు కూడా చదువుతారో. దొనాతో మాత్రం టురిన్ కాగితం చించి సముద్రంలో వేశాడు. నువ్వు నా కోసం మొక్కుకో.

లంగా ఇంకా ఆరని
నీ వితా


సాంత ఎలేరియా గేటు,
నవంబరు 20

కంచెత్తక్కకీ, అమ్మకీ,

ఈ ఉత్తరం మొత్తం అమ్మకి పైకి చదువు. ఏదీ దాచక్కర్లేదు.

వెనక వైపు కూడా చదివారు. తప్పుకి మందలింపు ఒక కవరులో, ఇక్కడ మా ఇద్దరి ఉద్యోగాల కాగితం ఇంకో కవరులో, ఒకే రోజు వచ్చాయి. కతరీనా అవ్వ మొన్న వెళ్తూ గేటు చక్రానికి నూనె ఎలా పెట్టాలో మూడోసారి చూపించి, నా బుగ్గ గిల్లి బండి ఎక్కింది. నా కోళ్ళకి మొదట సముద్రం చప్పుడు నచ్చలేదు, ఇప్పుడు గుడ్లు పెడుతున్నాయి. దొనాతో సొరంగం అవతలిదాకా పట్టాలు చూసి మధ్యాహ్నానికల్లా వస్తాడు. వస్తూనే ఇప్పుడు ఏది తోస్తే అది అడిగేస్తాడు. చలేస్తోందా, ఉప్పు ఎక్కువైందా, ఏం చూస్తున్నావు అని. అడగడం మరీ ఎక్కువైంది, కానీ నేను వద్దనను.

అతనికి ఒక్కటి ఒప్పుకున్నాను. ఇప్పుడు ఇరుసులూ దీపమూ చూశాక, ఇంకొక్క క్షణం బండిని ఊరికే చూస్తాను. వెనిస్ వెళ్తోందేమో, నీస్ వెళ్తోందేమోనని. వచ్చే ఏడాది పాసుకి ఎక్కడికి వెళ్ళాలో నేనే చెప్తానన్నాను. మార్సెయిల్స్ అన్నాను. అక్కడ దారి నేనే అడుగుతాను.

ఎర్ర తలగుడ్డ ఈ పొట్లంలో పెట్టాను, అమ్మని కట్టుకోమను. నాకు దొనాతో పసుపుది కొన్నాడు. నల్ల రాయి నీది.

ఈస్టరుకి మీరు వస్తున్నారు. జెనోవా దాటాక అమ్మని సముద్రం వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టు. పదో సొరంగంలోంచి బయటపడగానే గేటు వస్తుంది. పసుపు తలగుడ్డతో, చుట్టిన జెండాతో నిటారుగా నిలబడి ఉంటాను. నేను చెయ్యి ఊపను, డ్యూటీలో ఊపకూడదు, ఆ పాఠం నాకు బాగా వచ్చింది. నువ్వూ అమ్మా మాత్రం ఊపండి. ఊరికే కాదు, చేతులు నొప్పెట్టేలా ఊపండి. మీ పెట్టె దాటిపోయాక కూడా చివరి దీపం దాకా చూస్తూనే ఉంటాను. స్టేషను నూట నలభై అడుగులే. మీరు దిగి సామాను సర్దుకునేలోపు గేటు ఎత్తి పరిగెత్తుకుంటూ వచ్చేస్తాను.

మీ వితా,
గేటు కాపలా