చిలకల గుడ్డ వెనకవైపు

చెల్లెలు మార్తకు, కాప్రా నుంచి నీ అక్క రాహేలు ప్రభువు పేరట ప్రేమతో రాయించే సంగతులు. ఇక్కడ నేను, సుజాత, అల్లుడు దేవుని దయవల్ల బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రాజబాబు, కోడలు, పిల్లలు కులాసాయేనా? గేదె ఈనిందా?

ఫోనుండగా ఉత్తరమేమిటంటావా? ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. మొన్న ఆదివారం నా మాట సగంలో ఉండగానే పెట్టేశావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. కోడలు చదువుతుంటే చివరిదాకా కూర్చుని వినాల్సిందే. రాసేది మా పక్కింటి అనసూయమ్మ, రైల్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. "పెద్దమ్మా, జెర మెల్లగ చెప్పు, నా చెయ్యి నొస్తుంది. తిట్లు సుత రాయాల్నా?" అని అడుగుతోంది. అవే ముందు రాయమన్నాను.

సుజాత నన్ను ఇక్కడికి తెచ్చుకున్న దగ్గర్నుంచి తిండికీ బట్టకీ లోటు లేదు, నువ్వు దిగులుపడకు. చలి మాత్రం ఎముకల్లోకి పోతోంది. సాయంత్రమైతే చెరువు మీంచి దోమలు దండుగా వస్తాయి. చేప దొరుకుతుంది గానీ ఐసులో ఉండి ఉండి రుచంతా పోయి ఉంటుంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపించు. పగలంతా వాళ్ళిద్దరూ ఆఫీసులో ఉంటారు. గోడలతో ఎంతసేపని మాట్లాడను? అందుకే మళ్ళీ కుట్టు పట్టుకున్నాను. పొద్దున పోయేముందు సుజాత సూదులకు దారాలెక్కించి దిండుకి గుచ్చి పోతుంది. రంగుకొక సూది. అవి అయిపోయేదాకా నాకు పొద్దుపోతుంది. బాగానే ఉన్నాను, దిగులుపడకు.

సూది పట్టుకుంటే మన అరుగే గుర్తొస్తుంది మార్తా. క్రిస్మస్ వస్తోందంటే అమ్మ మనిద్దరినీ చెరోవైపు కూర్చోబెట్టి, గళ్ళ గుడ్డ ముక్కలు చేసి పంచేది. కొని ఇచ్చే స్తోమత లేదు కాబట్టి అందరికీ కుట్టే ఇచ్చేవాళ్ళం. బడి పంతులుగారికి జేబురుమాలు, పాస్టరమ్మగారికి టీ పళ్ళెం మీద గుడ్డ. దాని మీద నేను కుట్టిన కుందేలు పిల్లిలా వచ్చిందని నువ్వు పడీపడీ నవ్వావు. ఆవిడ మాత్రం "పిల్లి ఎంత ముద్దుగా ఉందమ్మా" అని కళ్ళకద్దుకుంది.

ఏ గుడ్డ చేతికిచ్చినా అమ్మ ముందు తిరగేసేది, గుర్తుందా? "పువ్వు చూడవే అమ్మా" అని నువ్వు ఏడుపు మొహం పెట్టేదానివి. "పువ్వు ఎక్కడికి పోతుందే, ముందు నీ ముడులు చూడనీ" అనేది. అమ్మ దారానికి ముడి వేసేది కాదు. కొసను కుట్ల కిందే దూర్చేసేది. నేను దారం తెంపడానికి బద్ధకించి అడ్డంగా లాగేసేదాన్ని. నువ్వు ముడి మీద ముడి వేసేదానివి. వెనక చీమలు పట్టినట్టుండేది. నిన్ను ఎంత ఏడిపించానో.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నా పెళ్ళికి నువ్వు కుట్టిచ్చిన గులాబీల దిండు గలీబు ఉంది కదా, పోయిన నెల దాన్ని సుజాత నాకు తెలియకుండా తీసుకుపోయి, లాలాగూడలో ఒక కొట్టులో ఫ్రేము కట్టించింది. అమ్మ సంతోషిస్తుందనే చేసింది, దాన్నేమీ అనను. గోడ మీద చూడగానే నాకు చెయ్యి ఊరుకోలేదు. తిరగేశాను. వెనకంతా అట్ట. ఊడదీయించడానికి ఆ కొట్టుకే పోయాను.

"గమ్ము పట్టేసిందమ్మా, ఇప్పుడు గుంజితే చినుగుతది. ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితున్నవ్? ముంగటికెళ్లి మంచిగనే కనబడ్తుంది గద!" అన్నాడు కొట్లో అతను.

"నీ ముంగట నాకెందుకయ్యా? నా చెల్లెలి ముడులన్నీ వెనక ఉన్నాయి!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ.

ఇది జరిగి వారం తిరక్కుండానే నువ్వు ఫోన్ చేసి, రాజబాబు చిలకల గుడ్డకు అద్దం ఫ్రేము కట్టిస్తున్నాడని మురిసిపోతూ చెప్పావు. నేను అరవక ఏం చేస్తాను? అక్కకు కుళ్ళు అన్నావు. నీ గుడ్డ నాకొద్దు. నీ పెళ్ళికని అమ్మ మొదలుపెట్టింది, అది నీదే. నా తగువల్లా దాని వెనకవైపు గురించి.

ఒక చిలక పూర్తిచేసి, రెండోదాని మెడ దాకా వచ్చి అమ్మ మంచాన పడింది. మళ్ళీ లేవలేదు. మిగతాది మనిద్దరం ఒకే గుడ్డకు చెరోవైపు కూర్చుని కుట్టాం. కళ్ళు తుడుచుకోవడానికి ఒకరు సూది ఆపితే రెండోవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. ముందునుంచి చూస్తే రెండు చిలకలూ ఒకే చేతివి. తిరగేస్తేనే తెలుస్తుంది. ఆ ఎర్రటి మెడపట్టీ దగ్గర ముడుల్లేని కుట్టు అయిపోయి, నీ ముడులు మొదలవుతాయి. అమ్మ చెయ్యి ఆగిన చోటు అదే. దాన్ని అట్టకు అతికించేస్తే నీ మనవరాళ్ళకు ఏం చూపిస్తావు?

ఇది చెబుతుంటే అనసూయమ్మ కలం ఆపి కళ్ళద్దాలు తుడుచుకుంది. "మీ చెల్లె ఒప్పుకోకుంటే నేనే ఫోన్ చేస్తా" అంటోంది.

గోడకు పెట్టుకో, వద్దనను. అద్దమూ వద్దు, గమ్మూ వద్దు. పైన ఒక పట్టీ కుట్టించి, అందులో సన్నకర్ర దూర్చి క్యాలెండరులా తగిలించమను. ఎవరికి కావాలంటే వాళ్ళు ఎత్తి వెనక చూసుకుంటారు. ఆ పట్టీ నేనే కుట్టి ఈ కవర్లో పెట్టాను. అంచున చిన్న ఆకులు వేశాను.

చిన్నమ్మకు నా వందనాలు చెప్పు. ఈ పెద్దకూతురి కోసం ప్రార్థనలో ఒక మాట అనమను. రాజబాబును కోప్పడకు. పిల్లలకు నా ముద్దులు. సంతకం రాదు కాబట్టి కింద నా బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

పట్టీ అందగానే తిరగేసి చూడు. ప్రతి దారానికీ ముడి వేశాను.

నీ అక్క,
రాహేలు