ఇసుక నింపిన పెట్టె

చిరంజీవి చిన్నోడికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నా మోకాళ్లూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగున్నావు. ఈ రెండో మాట లావుగా దిద్దమని చెప్పాను. ఎప్పుడూ రాసిపెట్టే టీచరమ్మ నీ ఉత్తరం చదివి వినిపించి, ఊరు మారిపోయింది. ఇప్పుడు రాసేది పక్కవాటాలో కొత్తగా దిగిన కుట్టుమిషను అమ్మాయి.

సెలవు ఎందుకు రద్దయిందనీ, క్యాంపుకు కొత్తగా వచ్చినవాళ్లు నిన్ను చూసి ఎందుకు మాట మింగేస్తున్నారనీ అడిగావు. రెండింటికీ జవాబు ఒకటే.

పోయిన వేసవిలో మన వీధిలో యుద్ధం సినిమా తీశారు. కొడుకు శవపెట్టె ఇంటికొస్తే ఏడ్చే తల్లి కావాలంటే ఒప్పుకున్నాను. మోసేవాళ్లకి బరువు తెలియాలని పెట్టెలో ఇసుక మూటలు పెట్టారు. ఇసుకని చూసి ఏడుపెలా వస్తుంది? చివరికి వచ్చిందిలే. ఎలా వచ్చిందో తర్వాత చెప్తాను.

ఆ సినిమా చూసి విదేశాంగ మంత్రి టీవీలో, "ఆ తల్లి కన్నీటికి బదులు చెప్పేదాకా అవతలి దేశంతో మాటల్లేవు" అన్నాడు. జరగాల్సిన చర్చలు ఆగిపోయాయి. మీ సెలవులు పోయాయి, ఫోన్లూ ఆపేశారు. ఏ తల్లి అయ్యా? నేనే కదా! ఒక్కడైనా వచ్చి నన్నడిగాడా?

వీధి చివరి వడ్రంగే ఆ పెట్టె చేశాడు. నిన్న అతని కొట్టు ముందు అలాంటివే గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి.

"మళ్లీ సినిమానా?" అన్నాను.

"సినిమాకి కాదు మామ్మా. ఈసారి ఇసుక అక్కర్లేదన్నారు" అని తల దించుకుని రంపం అందుకున్నాడు.

ఇక దాచింది చెప్పేస్తాను, తిట్టకురా. నాకు ఏడుపు రావడం లేదని డైరెక్టరు మీవాడి ఫోటో ఏదైనా ఉందా అన్నాడు. యూనిఫాంలో నువ్వు నవ్వుతున్నది ఇచ్చాను. పెట్టె మీద నీ నవ్వు చూడగానే ఏడుపు తన్నుకొచ్చింది. తర్వాత తీసేస్తారనుకున్నాను. తీయలేదు. తెర నిండా నువ్వే. మీ కొత్తవాళ్లు అది చూసే వచ్చారు.

మొన్న హాలుకెళ్లాను. పెట్టె రాగానే లేచి, "వీడు నా కొడుకు! బతికే ఉన్నాడు! ఇదంతా అబద్ధం!" అని అరిచాను. అందరూ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. పక్కాయన నా చేతులు పట్టుకుని, "అవునమ్మా, బతికే ఉన్నాడు, మా గుండెల్లో" అన్నాడు. ఆయన చేతులు మంచులా ఉన్నాయి.

నువ్వు ఏ రోజు దిగితే ఆ రోజు పేపరు చేత్తో పట్టుకుని ఫోటో దిగి పంపు. అది మెడలో వేసుకుని మంత్రి గుమ్మం ముందు కూర్చుంటాను. ఏడవడానికి పనికొచ్చినదాన్ని తిట్టడానికి పనికిరానా?

రాస్తూ రాస్తూ ఈ పిల్ల కళ్లు తుడుచుకుంటోంది. "నీకేమొచ్చిందే?" అంటే నా భుజం నిమిరి, "అడ్రసు ఏం రాయమంటారు మామ్మగారూ?" అంది, పసిపిల్లని అడిగినట్టు.

"పాత కవరు మీదున్నదే రాయవే, వాడెక్కడికి పోయాడని?"

"అలాగేనండీ" అంది. కలం కదులుతూనే ఉంది. నేను చెప్పిందే రాస్తోందో, నన్ను ఊరడించడానికి ఊరికే గీతలు గీస్తోందో, అక్షరం రానిదాన్ని, నాకెలా తెలుస్తుందిరా?

ఇట్లు,
బతికున్నవాడి అమ్మ