నేను గీయకుండా వదిలేసిన ఇసక

విశాఖపట్నం సాగరతీర సుందరీకరణ ప్రత్యేక విభాగం అధికారి గారి సముఖమునకు,
దేముడుపాలెం కాపురస్తుడు మైలపల్లి దొరబాబు సమర్పించుకొను అర్జీ.

విషయం: రుషికొండ దాటాక వచ్చు మా దేముడుపాలెం ఒడ్డున తమ విభాగము వారు వాహనముల పార్కింగు నిమిత్తం ఎంపిక చేసిన "ఖాళీ స్థలము" ఖాళీది కాదనియు, అది ఖాళీగా కనబడుటకు కారకుడను నేనేననియు తెలియజేయుట గురించి.

అయ్యా,

1. నేను అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేయుచున్నాను. మా సెక్షనులో గోపాలపట్నం నుండి వచ్చు అనూరాధ గారని ఒక ఉద్యోగిని కలరు. ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు అను పటమొకటి ఇంటర్నెట్టులో ఉన్నదని, తాను తీరిక వేళల్లో తమ పేటంతా అందులో గీశానని ఆమె నాకు కంపెనీ బస్సులో తెలియజేసినారు. తమ సందు ఎక్కించాక గ్యాసు బండ తెచ్చే అతను ఫోను చేయకుండా తిన్నగా ఇంటికొచ్చాడని చెప్పినారు. దానితో నాకు ఆశ పుట్టినది. అప్పటికి ఆ పటంలో మా ఊరు సముద్రం పక్కన ఒక తెల్ల కాగితం. నన్నెవరూ గీయమనలేదు. అయినా గీశాను.

2. గంగమ్మ గుడి, బడి, తుఫాను షెల్టరు, రేషను డిపో, వీధి కుళాయిలు, సైకిలు మాత్రమే పట్టు సందులు, అన్నీ ఆదివారాలు తిరిగి ఎక్కించినాను. కుక్కలు వెంటబడు మలుపును కూడా పెట్టబోగా, స్థిరంగా ఉండేవే పెట్టాలని అనూరాధ గారు వారించినారు. ఆ కుక్కలు నా చిన్నప్పటి నుంచీ అక్కడే స్థిరంగా ఉన్నాయి. అయినా ఆవిడ మాట మన్నించినాను.

3. ఇక ఒడ్డు సంగతి. ఇళ్ల వరుసకీ అలలకీ మధ్యనున్న ఇసకలో మా ఆడవాళ్లు చేపలు ఎండబెడతారు. మా అమ్మ పోతమ్మ పడవల దగ్గర నెత్తళ్లు కొని, అక్కడ ఎండబెట్టి, గోపాలపట్నం మార్కెట్లో అమ్మి నన్ను చదివించింది. ఎవరి జాగా ఎక్కడిదాకానో చెప్పడానికి అక్కడ గట్టు లేదు, రాయి లేదు. అయినా ఒకరి చేపల్లో మరొకరు అడుగు పెట్టరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది గనుక దాన్ని పటంలో పెట్టాలని నాకు తోచలేదు. ఇంట్లో పొయ్యి ఎక్కడుందో ఎవరైనా పటంలో పెడతారా అండి? పైనుంచి తీసిన ఉపగ్రహం ఫొటోలో ఆ ఇసక మీద తెల్లటి మచ్చలు కూడా కనిపించాయి. అవి మా అమ్మ నెత్తళ్లని గుర్తుపట్టి, అమ్మకి చూపించి ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుకుని, గీయకుండా వదిలేశాను.

4. తదుపరి తమ విభాగము వారు సదరు పటమును ప్రింటు తీసి, అందులో ఏమీ లేని చోటునంతటినీ ఖాళీ స్థలముగా నిర్ణయించి, "వాహనముల పార్కింగు స్థలము" అని బోర్డు పాతినారు. వచ్చే నెలలో అక్కడ కంకర పోసి చదును చేస్తారని వినికిడి. నేను గీసిన పటం సర్కారు వారికి అక్కరకొచ్చినందుకు మొదటి రోజు నాకు కించిత్తు గర్వం కలిగినదని దాచుకొనక మనవి చేయుచున్నాను. బోర్డు ఎక్కడ పాతారో చూసేవరకే ఆ గర్వం.

5. వెంటనే పటంలో ఆ ఇసకను "చేపలు ఎండబెట్టు స్థలము"గా దిద్ది, తమ కార్యాలయమునకు వచ్చి సూపరింటెండెంటు గురునాథరావు గారిని దర్శించుకొన్నాను. అప్పుడు జరిగిన సంభాషణను ఉన్నదున్నట్లు సమర్పించుచున్నాను.

"మొన్నటిదాకా లేనిది ఇవాళ ఎలా వచ్చిందయ్యా? ఎవడో దారినపోయేవాడు మార్చుంటాడు."

"ఆ దారినపోయేవాణ్ణి నేనేనండి."

"మరి మొదట గీసిందెవరు?"

"అదీ నేనేనండి."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "మొదటిది ఫైల్లోకి వచ్చేసింది కాబట్టి అది రికార్డు. రెండోది నీ సొంత అభిప్రాయం" అన్నారు. అంతేగాక, "పేరు కూడా లేని స్థలం ఏం స్థలమయ్యా?" అని ప్రశ్నించినారు. నేను తప్పు గీసినప్పుడు నన్ను నమ్మిన సర్కారు, ఒప్పు గీసినప్పుడు ఎందుకు నమ్మదో తాము విచారించవలెను.

6. చేపలను మేడ మీద ఎండబెట్టుకోమని కూడా వారు సలహా ఇచ్చినారు. మా ఇంటికి మేడ లేదు. రేకులున్నాయి. వాటి మీద చేపలు ఎండవు, మాడతాయి. పిల్లులు అదనం.

7. అయ్యా, ఇది అర్జీలో రాయదగినదో కాదో నాకు తెలియదు. మా పక్కింటి మహాలక్ష్మమ్మ, అమ్మకి చెల్లెలి వరస, కుళాయి దగ్గర అందరి ముందూ, "నీ కొడుకు ఊరు గీసినాడనుకున్నాం గానీ, మనల్ని సెరిపీసినాడే అప్పా" అన్నది. ఆ రోజు నుంచి అమ్మ బిందె పట్టుకుని అందరూ వెళ్లిపోయాక నీళ్లకి వెళ్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. "పోన్లేరా, నీకేటి తెలుసు" అని అన్నం పెట్టింది. తిట్టినా బాగుండేది. ఆ ఇసక పోతే మా అమ్మకి చేసుకోవడానికి వేరే పని రాదు, ఆ పని పోవడానికి కారణం నేను. నాకు చాలా సిగ్గుగా ఉంది, భయంగా కూడా ఉంది. ఇంతకన్నా ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియక ఇలాగే రాస్తున్నాను.

కావున తమరు దయయుంచి, కంకర లారీలు రాకముందే, మబ్బు లేని రోజు చూసుకుని ఒక్కసారి మా ఒడ్డుకు విచ్చేసి, ఖాళీ ఏదో, కానిది ఏదో స్వయముగా చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను. తమ కళ్లతో చూసిన దానిని గురునాథరావు గారు సొంత అభిప్రాయం అనరని నమ్ముచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
మైలపల్లి దొరబాబు
(మొదటి పటం గీసిన వాడును, రెండోది దిద్దిన వాడును)

తా.క.: పై అర్జీ రాసి పంపేలోగా కొన్ని రోజులు గడిచినవి. పేరు లేని స్థలం ఏం స్థలమన్న ప్రశ్నకు సమాధానం ఇప్పుడు దొరికినది. పోయిన ఆదివారం అమ్మని అడిగాను, ఆ ఇసకకి ఏం పేరు పెట్టమంటావని.

"దానికి పేరేటిరా? ఆళ్లు ఖాళీ అంటన్నారు గదా. ఖాళీ నేదు అని రాయి."

మన ఇష్టమొచ్చిన పేరు పెట్టకూడదు, జనం నిజంగా పిలిచే పేరే పటంలో పెట్టాలి, అది రూలు అని చెప్పాను. అమ్మ చేతులు కడుక్కుని, చాన్నాళ్ల తర్వాత అందరూ ఉన్న వేళకి కుళాయి దగ్గరికి వెళ్లింది. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు పొద్దున మహాలక్ష్మమ్మ మా గుమ్మంలోకి వచ్చి, "అప్పా, ఖాళీ నేదు కాడికెల్తన్నాను, వస్తావేటి?" అని పిలిచింది. ఇద్దరూ గంపలెత్తుకుని వెళ్లారు. ఇప్పుడు ఊరంతా అదే పేరు. నిన్న అనూరాధ గారు నిజమో కాదో చూద్దామని స్వయంగా వచ్చి, రుషికొండలో ఆటో ఎక్కి "ఖాళీ నేదు" అంటే, ఆటో అతను మారు మాట్లాడకుండా తెచ్చి ఇసక దగ్గర దింపాడు. ఆవిడ ఎదుటే పటంలో ఎక్కించాను.

తమ బోర్డు క్షేమంగా ఉన్నది. దాని స్తంభానికి తాడు కట్టి అమ్మ సావడ చేపలు ఆరేసింది. తాము వచ్చునప్పుడు దారి ఎవరినీ అడగనక్కరలేదు. పటంలో "ఖాళీ నేదు" అని వెదికితే తిన్నగా మా అమ్మ దగ్గరికి తీసుకొస్తుంది. జీపు మాత్రం రోడ్డు మీదే ఆపుకోవలెను.