బీపీ మాత్రా, మరికొన్ని జాగ్రత్తలూ

మిల్లు బాబాయి గారికి,
ఆసుపత్రిలో రక్తపోటు చూసే గది నర్సు నమస్కరించి రాసేది.

మొన్న బీపీ మాత్రల గురించీ నిద్ర గురించీ మేం పెట్టిన క్లాసులో మీరు ముందు వరసలో కూర్చుని, నేనన్న ప్రతి మాటకీ తలూపారు. ఇంత శ్రద్ధగా వినే మనిషి ఒకరున్నారని పొంగిపోయాను. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర పిన్ని గారు అసలు సంగతి చెప్పారు. "మగ్గాల మోతకి ఆయన చెవులు ఎప్పుడో పోయాయమ్మా. మర్యాదకి తలూపుతారంతే!" ఫోను చేసినా లాభం లేదన్నారు. అందుకే ఈ ఉత్తరం.

తెల్ల మాత్ర రోజూ పొద్దున ఒకే వేళకి వేసుకోండి. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానకండి. బీపీ చెప్పి రాదు. సాయంత్రం దాటాక కాఫీ వద్దు. పడకగదిలో టీవీ వద్దు. కూరలో ఉప్పు తగ్గించండి. నిద్ర సరిగా లేకపోతే బీపీ కూడా మాట వినదు.

ఇట్లు,
నర్సు

తా.క. మిమ్మల్ని చూసి వెనక వరసల వాళ్ళు కూడా తలూపారు. వచ్చే క్లాసుకి తప్పకుండా రండి.

———

సిస్టరమ్మకి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నీ అక్షరాలు చీమల బారులా ఉన్నాయి తల్లీ. నాకు కళ్ళలో శుక్లాలు. ఇదిగో, నేను రాసే ఈ గుమ్మడికాయలంత అక్షరాలైతేనే ఆనుతాయి. మీ పిన్ని పక్కన కూర్చుని నా కుడి చెవిలో కేకేసి చదివింది. ఆ చెవిలో ఇంకా కాస్త ప్రాణం ఉంది.

మాత్ర వేసుకుంటున్నాను. టీవీని హాల్లోకి మార్చాను. కాఫీ మానడం కష్టంగా ఉన్నా మానాను. రాత్రి భోజనాలయ్యాక అంట్లు తోమితే నరాలు సడలి నిద్ర పడుతుందని రాశావు కదా, అదీ చేస్తున్నాను. మిల్లులో ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి, నాకు గిన్నెలొక లెక్కా?

ఇట్లు,
మీ మిల్లు బాబాయి

తా.క. అడుగంటిన మూకుడు కూడా బీపీ కిందికే వస్తుందా? డాక్టరు గారిని అడిగి చెప్పు.

———

బాబాయి గారికి నమస్కారం.

మాత్ర సంగతి విని సంతోషించాను. కానీ అంట్ల గురించి నేనేమీ రాయలేదే! ఒకరి ఉత్తరం కవరులో ఇంకొకరిది పెట్టానేమోనని గదంతా వెతికాను. అంట్లు తోమడం వల్ల నష్టమైతే లేదు లెండి.

ఇంకో మాట. మీకు గురక ఉందా? నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందా? అలా ఉంటే బీపీ ఒక పట్టాన దిగదు. పిన్ని గారిని అడిగి రాయండి. పక్కకి తిరిగి పడుకోండి. రోజూ కాసేపు నడవండి.

ఇట్లు,
నర్సు

తా.క. మూకుడు సంగతి డాక్టరు గారిని అడిగాను. ఆయన నవ్వలేదు. ఆయన ఇంట్లోనూ ఇదే వైద్యం నడుస్తున్నట్టుంది.

———

సిస్టరమ్మకి,

రాసింది నువ్వే, రాయలేదనేదీ నువ్వే! నాకు చెవులే పోయాయి గానీ మతి పోలేదు.

గురక గురించి అడిగావు. ఇన్నేళ్ళలో నా గురక నేను ఒక్కసారి కూడా వినలేదు. మీ పిన్ని మాత్రం రైలు సొరంగంలో దూరినట్టు ఉంటుందంటుంది. మధ్యలో రైలు ఆగిపోతుందట కూడా.

ఇక నీ కొత్త జాగ్రత్తలు. కూర చప్పగా ఉందని వంక పెడితే బీపీ పెరుగుతుందన్నావు. నోరు కుట్టేసుకున్నాను. మరదలు ఇంటికొచ్చినప్పుడు ముఖం ముడుచుకుంటే గుండెకి మంచిది కాదన్నావు. ఆవిడ నిన్న వచ్చి దీపాలు పెట్టేదాకా కదల్లేదు. అంతసేపూ నవ్వుతూనే ఉన్నాను.

ఇన్ని పథ్యాలు చేస్తున్నాక ఇంకా మాత్రెందుకని మొన్నటి నుంచి మానేశాను. సగం వైద్యం అంట్ల దగ్గరే అయిపోతోంది.

ఇట్లు,
బాబాయి

తా.క. నవ్వీ నవ్వీ దవడలు లాగేస్తున్నాయి. దానికేమైనా మాత్ర ఉంటే అది పంపు, వేసుకుంటాను.

———

బాబాయి గారికి,

ఈ ఉత్తరం పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. దయచేసి మీరే చదవండి.

మాత్ర మానొద్దు. అంట్లు దానికి బదులు కాదు. మానిన రోజులవన్నీ కలిపి ఒక్కసారి వేసుకోవద్దు. రేపు పొద్దున్నే రండి. గురక సంగతి కూడా డాక్టరు గారు చూడాలి.

అంట్లు, కూర, మరదలు. ఈ మూడూ నేను రాయలేదు. ఎవరు చదివారో వాళ్ళనే అడగండి.

ఇట్లు,
నర్సు

తా.క. ఈ సైజులో రాస్తే ఇంతకే కాగితాలన్నీ అయిపోయాయి.

———

చిరంజీవి సిస్టరమ్మకి మిల్లు బాబాయి ఆశీర్వదించి రాసేది.

ఆ రోజు నేనొచ్చినప్పుడు బీపీ మిషను మీద అంకె చూసి నీ ముఖం పాలిపోవడం నాకు కనపడింది. ఆ మాత్రం చూపు ఉంది నాకు. నువ్వూ డాక్టరు గారూ కోప్పడ్డారట. వినపడలేదు కాబట్టి బాధపడలేదు. మాత్ర మళ్ళీ మొదలుపెట్టి ఒక్కరోజూ తప్పలేదు. నిద్ర పరీక్షయ్యాక ముక్కుకి తగిలించుకునే మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే ఏనుగు పిల్లలా ఉంటానట. రైలు మోత పోయింది. మీ పిన్ని కూడా తెల్లారేదాకా నిద్రపోతోంది. బీపీ దిగిందని మొన్న నువ్వే వేళ్ళతో చూపించావు.

నీ పెద్ద అక్షరాల ఉత్తరం సంగతి చెప్పాలి. వీధి అరుగు మీదే మొత్తం చదివేశాను. ఒళ్ళు మండింది. నిలదీద్దామనే లోపలికి వెళ్ళాను. మీ పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం కోసం చెయ్యి చాపింది. ఎందుకో ఇచ్చేశాను.

కుర్చీ దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టింది. మాత్ర మానొద్దన్న చోట తలెత్తి నా వైపు చూసింది. నేను మానేశానని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ఆ ముక్క రెండుసార్లు చదివింది. అంట్లు, మరదలు అన్న చోట ఆగింది. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఉత్తరంలో లేని మాట ఒకటి చదివింది.

"రోజూ కాసేపు మీ ఆవిడ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకోండి. అది ఇద్దరికీ మంచిది."

నా చెవులు పోయాక ఇంట్లో అందరూ నాతో చేతులతోనే మాట్లాడతారమ్మా. చెయ్యి నోటి దగ్గర పెడితే అన్నం, తలుపు వైపు ఊపితే ఎవరో వచ్చారని. మొదట మీ పిన్ని కేకేసేది. నేను విసుక్కునేవాణ్ణి. తర్వాత మానేసింది. పూర్తి వాక్యం ఒకటి నా చెవిలో పడి ఎన్నేళ్ళయిందో, నీ ఉత్తరాలు వచ్చాకే తెలిసొచ్చింది.

క్లాసులో లాగే తలూపాను.

ఇట్లు,
బాబాయి

తా.క. ఇకనుంచి చిన్న అక్షరాలతోనే రాయి తల్లీ. వీలైతే కాస్త పొడుగ్గా.