సారు క్షమాపణ తిరుచానూరు దాకా రాలేదు

దేవికా,

మన గైడు సారు పరిశోధన పేపరును జర్నల్ వాళ్ళు ఈ వారం రద్దు చేశారు. ఒకే కణాల ఫొటోను తిప్పి, రెండు మందుల ఫలితాలుగా రెండు చోట్ల పెట్టాడని నువ్వు చెప్పిన పేపరే. ఆ రోజు ఆయన ల్యాబంతా వినేలా "నీకు కళ్ళు సరిగా కనపడవా?" అన్నాడు. అది నమ్మి మీ అమ్మ నిన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నీ థీసిస్ మీద ఆయన సంతకం పెట్టనే లేదు. ఆ సంతకం కోసం తిరుగుతూనే నువ్వు జ్వరంతో పోయావు.

జర్నల్లో ఆయన క్షమాపణ చదివాను. "పొరపాటు జరిగింది" అట, దానంతట అదే జరిగినట్టు. సంపాదకులకూ పాఠకులకూ విచారం తెలిపాడు. నీ పేరు ఎక్కడా లేదు.

నిన్న మెట్లదారిన కొండకు నడిచి వెళ్ళి, ఈ రోజు గుండుతో ల్యాబుకు వచ్చాడు. అందరికీ లడ్డు పంచుతూ, "స్వామి ముందర తప్పు ఒప్పుకున్నా. మనసు తేలికైపోయింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"దేవికకు చెప్పినారా సార్?"

"పోయినామెకు ఎట్ల చెప్పేదమ్మా?"

"వాళ్ళమ్మ ఉండాది సార్. తిరుచానూరు గుడి కాడ పూలు అమ్ముతా ఉండాది."

ఆయన లడ్డు పళ్ళెం పక్కవాళ్ళ వైపు తిప్పాడు. తప్పు చేసింది ఎవరికి, చెప్పుకున్నది ఎవరికి? అన్ని మెట్లు ఎక్కిన మనిషికి ఆటోలో పోయే తిరుచానూరు దూరమైంది.

సాయంత్రం నేనే వెళ్ళి చెప్పాను. మీ అమ్మ మల్లెపూలు మూరలు కొలుస్తూ అంతా విన్నది.

"అట్లయితే నా బిడ్డ కండ్లు బాగానే ఉండినాయా, పాపా?" అని అడిగింది.